భడ్లా ఎడారిలో 300 మెగావాట్లు గ్రిడ్‌కి ఎక్కించిన వేసవి

రాజస్థాన్‌లో సోలార్ ప్లాంటు పనిమీద ఉన్నానంటే మావాళ్లంతా ఒకటే మాట అంటారు: "అక్కడ ఎండకేం తక్కువ, కరెంటు దండిగా పుడుతుందిలే." ఎండకు తక్కువ లేదు, నిజమే. మేం ఉన్న ఫలోదీ ప్రాంతంలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది, అది దేశంలోనే రికార్డు. కానీ ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు. వేడి దానికి పడదు. వెనక స్టిక్కర్ మీద 540 వాట్లు అని రాసి ఉంటే, అది సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మే నెల మధ్యాహ్నం భడ్లాలో సెల్ 65 డిగ్రీలకు సులువుగా చేరుతుంది. 25 డిగ్రీల పైన పెరిగిన ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం ఉత్పత్తి పడిపోతుంది. లెక్కేసుకోండి, కళ్లు తెరవలేనంత ఎండలో నిలబడి 14 శాతం తక్కువ కరెంటు చూసుకోవాలి. అదే ప్లాంటు ఫిబ్రవరిలో, ఆకాశం శుభ్రంగా ఉండి చల్లగాలి వీచే రోజున, ఇంతకంటే గట్టిగా పనిచేస్తుంది. మావాళ్లకు ఇది ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు.

మాది అనంతపురం జిల్లా. నేను చేసేది కమిషనింగ్ పని. అంటే కట్టడం అయిపోయిన ప్లాంటుని పరీక్షించి, కాగితాలు పూర్తి చేసి, గ్రిడ్‌కి కలిపి, "ఇక ఇది వాణిజ్యపరంగా నడుస్తోంది" అని సర్టిఫికెట్ వచ్చేదాకా వెంటపడటం. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ల మధ్య కట్టిన వెయ్యి మెగావాట్ల పార్కులో 2017లో ఈ పని నేర్చుకున్నాను. అక్కడంతా రాతినేల, స్తంభాలు దించడానికి డ్రిల్లు బిట్లు అరిగిపోయేవి. భడ్లాలో రాయి బాధ లేదు, ఇసుకతోనే గొడవ. పొద్దున తవ్విన గుంత గోడలు సాయంత్రానికి జారిపోతాయి. కాంక్రీటుకి నీళ్లు ట్యాంకర్లలో రావాలి.

భడ్లా పేరు చాలామంది వినే ఉంటారు. అక్కడి పార్కు 2,245 మెగావాట్లు, దాదాపు 14 వేల ఎకరాలు, నాలుగు దశల్లో పూర్తయింది. 2017 మేలో అక్కడి వేలంలో యూనిట్ ధర 2 రూపాయల 44 పైసలకు పడిపోయినప్పుడు మేం గని క్యాంపులో నోళ్లు తెరిచాం. బొగ్గు కరెంటు కంటే చౌక. అంత తక్కువకి ఎలా కడతారని వారం రోజులు భోజనాల దగ్గర అదే చర్చ. కట్టారు, నడుస్తోంది కూడా.

నేను వెళ్లింది ఆ పార్కు లోపలికి కాదు. పార్కు నిండిపోయాక చుట్టుపక్కల బాప్, ఫలోదీ తాలూకాల్లో, అటు బీకానేర్, జైసల్మేర్ వైపు వేలాది ఎకరాల్లో కొత్త ప్లాంట్లు లేచాయి. మాది వాటిలో ఒకటి. గ్రిడ్‌కి ఇచ్చేది 300 మెగావాట్లు. ప్యానెళ్ల వైపు కలిపితే 420 మెగావాట్ల దాకా పరిచారు. ఇలా ఎక్కువ పరచడం ఎందుకంటే, ఇందాక చెప్పిన వేడికీ దుమ్ముకీ పోయేది పోగా, పొద్దునా సాయంత్రం కూడా ఇన్వర్టర్లు (ప్యానెళ్ల డీసీ కరెంటుని గ్రిడ్‌కి పనికొచ్చే ఏసీగా మార్చే యంత్రాలు) నిండుగా నడవాలని. ఏడు లక్షల డెబ్బై వేలకు పైగా ప్యానెళ్లు, ఇరవై ఎనిమిదేసి చొప్పున వరసగా కలిపితే సుమారు 28 వేల స్ట్రింగులు.

ఈ ఇరవై ఎనిమిది అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను, నాకు ఈ పనిలో బాగా ఇష్టమైన లెక్క ఇదే. ప్యానెళ్లను వరసగా కలిపేకొద్దీ వోల్టేజి పెరుగుతుంది. కేబుళ్లూ ఇన్వర్టర్లూ 1,500 వోల్టులకు మించి తట్టుకోవు. ఒక్కో ప్యానెల్ ఖాళీగా, అంటే లోడ్ లేకుండా, 49 వోల్టుల చిల్లర ఇస్తుంది. ఆ లెక్కన ముప్పై పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ప్యానెల్ చల్లబడితే వోల్టేజి పెరుగుతుంది. థార్ ఎడారిలో జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలకు పడిపోతుంది. అప్పుడు సూర్యుడి మొదటి కిరణం తగిలిన క్షణాన, ఇరవై ఎనిమిది ప్యానెళ్ల స్ట్రింగే 1,470 వోల్టుల దగ్గరకు వెళ్తుంది. ముప్పై పెట్టి ఉంటే ఆ పొద్దునే ఇన్వర్టర్ పోతుంది. ఎండకు పేరుపడిన ఎడారిలో ప్లాంటు కొలతల్ని నిర్ణయించేది చలికాలపు తెల్లవారుజాము.

మేం చేరింది చలికాలం చివర్లో. మొదటి పని ప్రతి స్ట్రింగునూ కొలవడం: ప్లస్ మైనస్ సరిగ్గా ఉన్నాయా, వోల్టేజి సరిపోయిందా, కేబుల్ ఇన్సులేషన్ బాగుందా. ఇన్సులేషన్ చూసేది మెగ్గర్‌తో. వినడానికి తేలికే. కానీ ప్యానెల్‌కి స్విచ్ ఉండదు. వెలుతురు పడినంతసేపూ అది లైవ్. ఇంట్లో కరెంటులాగా సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చే ఏసీ కాదు, డీసీ. లోడ్ మీద ఉన్న కనెక్టర్‌ని ఎవరైనా లాగితే మధ్యలో లేచిన మంట తనంతట తాను ఆరదు. అందుకే కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడికీ మొదటి రోజు చెప్పేది ఇదే: ముందు కాంబైనర్ బాక్స్‌లో (స్ట్రింగులన్నీ వచ్చి కలిసే పెట్టె) ఐసొలేటర్ స్విచ్ తీయి, క్లాంప్ మీటర్‌తో కరెంటు లేదని చూడు, తర్వాతే కనెక్టర్ మీద చెయ్యి వెయ్యి.

ఇక్కడ ఇంకో వింత. ఎడారి కదా, తడి ఎక్కడిది అనుకుంటాం. ఫిబ్రవరి పొద్దుల్లో ప్యానెళ్ల మీద మంచు కారుతూ ఉంటుంది. ఏడు గంటలకు మెగ్గర్ పెడితే ఇన్సులేషన్ ఘోరంగా చూపిస్తుంది, పదిన్నరకు అదే స్ట్రింగ్ బ్రహ్మాండంగా ఉంటుంది. పొద్దున రీడింగ్ చూసి కేబుల్ మార్చేద్దామని ఒకాయన గోల. ఎండ ఎక్కేదాకా ఆగుదాం సార్ అని మా టెస్టింగ్ టీమ్ వాళ్లు. ఆ టీమ్‌లో సగం మంది శ్రీకాకుళం, ప్రకాశం జిల్లాల కుర్రాళ్లు. దేశంలో ఏ సబ్‌స్టేషన్‌కి వెళ్లినా రిలే టెస్టింగ్ కిట్టు పక్కన ఒక తెలుగు మాట వినపడుతుందని మాలో ఒక జోకు. వాళ్లలో ఒకడు ఊరినుంచి వచ్చేవాళ్లందరితో చింతపండు తెప్పించుకునేవాడు. మెస్‌లో రోజూ దాల్, రోటీ, కేర్ సాంగ్రీ కూర. సాంగ్రీ అంటే ఖేజ్రీ చెట్టు కాయలు. ఖేజ్రీ మన జమ్మిచెట్టే.

జమ్మిచెట్టు అన్నాను కాబట్టి ఒక మాట. దసరాకి జమ్మికి మొక్కే ఊళ్లనుంచి వెళ్లినవాళ్లం మేం. అక్కడ ఆ చెట్టు కోసం ప్రాణాలిచ్చినవాళ్లున్నారు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో రాజు మనుషులు చెట్లు నరకడానికి వస్తే అమృతాదేవి అనే ఆవిడ చెట్టుని కౌగిలించుకుని అడ్డుపడింది. ఆ రోజు 363 మంది బిష్ణోయిలు చనిపోయారు. ఇప్పుడు సోలార్ ప్లాంట్ల కోసం ఖేజ్రీలు నరుకుతున్నారని బీకానేర్, ఫలోదీ వైపు ధర్నాలు జరిగాయి. "ఎడారిలో ఏముంది, ఖాళీ నేలే కదా" అని హైదరాబాద్‌లో కూర్చుని అనేవాళ్లను నేనూ చూశాను. గొర్రెల మందను తోలుకుని మా ఫెన్సింగ్ వెంబడి రెండు కిలోమీటర్లు చుట్టూ తిరిగి వెళ్లే ముసలాయనకు అది ఖాళీ నేల కాదు. ఈ పని వద్దని నేను అనను. కానీ చెట్లు వదిలేసి ప్యానెళ్ల వరసలు గీసిన ప్లాంట్లు కూడా ఉన్నాయి. డిజైన్‌లో అది అంత కష్టం కాదు, నీడ లెక్క కొంచెం ఎక్కువ వేయాలి, అంతే.

నీడ ఎందుకంత ముఖ్యమంటే, స్ట్రింగులో ప్యానెళ్లన్నీ ఒకే కరెంటుని మోయాలి. జోడెడ్లలో ఒకటి కుంటితే రెండోదీ నెమ్మదించాల్సిందే కదా, ఇదీ అంతే. మూలన ఇసుక పేరుకున్న రెండు ప్యానెళ్లు మిగతావాటిని కిందికి లాగుతాయి.

సరే, అసలు టెన్షన్ సంగతికి వస్తాను. ఒక రాష్ట్రంలో పుట్టిన సోలార్ కరెంటుని ఇంకో రాష్ట్రానికి పంపితే లైన్ల వాడకానికి ఛార్జీలు కట్టాలి. 2025 జూన్ 30 లోపు కమిషన్ అయిన ప్లాంట్లకు ఆ ఛార్జీలు పూర్తిగా మాఫీ. ఆ తర్వాత అయితే పాతిక శాతం కట్టాలి, ఏడాదికేడాది ఇంకా పెరుగుతుంది. ఇరవై ఐదేళ్ల ప్రాజెక్టులో అది చిన్న మొత్తం కాదు. అందుకని రాజస్థాన్‌లో ఉన్న ప్రతి ప్లాంటూ ఆ జూన్ లోపే అయిపోవాలని పరిగెత్తింది. క్రేన్లకు కరువు, టెస్టింగ్ కిట్లకు కరువు, కేబుల్ జాయింటర్లకు మరీ కరువు. 33 కేవీ, అంటే 33 వేల వోల్టుల, కేబుల్ జాయింట్ వేసే మంచి పనివాడు దొరికితే పక్క సైటువాళ్లు రాత్రికి రాత్రి ఎక్కువిచ్చి తీసుకెళ్లిపోయేవారు.

అంత హడావుడి మధ్యలో మే నెల వచ్చింది. మే 7న పాకిస్తాన్‌తో ఘర్షణ మొదలయ్యాక సరిహద్దు జిల్లాల్లో రాత్రిళ్లు బ్లాకౌట్. ఫలోదీలో వైమానిక దళం స్థావరం ఉంది, జైసల్మేర్, జోధ్‌పూర్ ఎంతో దూరం కాదు. సాయంత్రం అయ్యేసరికి సైటులో లైట్లన్నీ ఆపేయాలి. క్యాంపు కిటికీలకు దుప్పట్లు కట్టాం. రాత్రి షిఫ్టు బందు. దూరాన శబ్దాలు వినపడితే అది ఉరుమా, ఇంకేమన్నానా అని ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లం. మా అమ్మ గంటకోసారి ఫోన్. "ఆ ప్యానెళ్లు రాత్రిపూట మెరుస్తాయేమో నాయనా, పైనుంచి కనపడవా?" మెరవవమ్మా అని చెప్పి చెప్పి అలిసిపోయాను. 10వ తేదీన కాల్పుల విరమణ ప్రకటించారు. అప్పటికే స్తంభాలు దించే పైల్ పని, కేబుల్ పని చేసే కూలీల్లో చాలామంది బీహార్, జార్ఖండ్ రైళ్లెక్కేశారు. వాళ్లను తప్పుపట్టలేం. తిరిగి రావడానికి సమయం పట్టింది. వచ్చినవాళ్లతోనే మిగిలిన పని లాక్కొచ్చాం.

ఇక గ్రిడ్‌కి కలపడం. బయటివాళ్లకు ఇది ఒక స్విచ్ నొక్కడంలా కనపడుతుంది. అసలు పని ఫైళ్లలో ఉంటుంది. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి అనుమతి ఇవ్వాలి. ఆయన ఎర్తింగ్ గుంతలు తెరిపించి చూశాడు, ఫైర్ బకెట్లలో ఇసుక ఉందో లేదో చూశాడు. (చుట్టూ కనుచూపు మేర ఇసుక, రెండు బకెట్లు మాత్రం ఖాళీగా ఉన్నాయి. అవి నింపేదాకా ఆయన సంతకం పెట్టలేదు. ఆయన చేసిందే కరెక్టు.) ట్రాన్స్‌ఫార్మర్ టెస్ట్ రిపోర్టులు, ఆయిల్ రిపోర్టులు, రిలే సెట్టింగులు, ఇన్వర్టర్ల మోడల్ ఫైళ్లు, లైన్ వెంబడి పక్షులు గుద్దుకోకుండా కట్టిన డైవర్టర్ల ఫొటోలు. ఈ పక్షుల గొడవ బట్టమేక పిట్ట వల్ల. బరువైన పక్షి, ముందుకు సరిగ్గా చూడలేదు, తీగలకు గుద్దుకుని చచ్చిపోతుంది. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఆ కేసు. మన నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు అభయారణ్యం పెట్టింది ఆ పిట్ట కోసమే. ఇప్పుడు అది ఎక్కువగా మిగిలింది జైసల్మేర్ వైపు ఎడారిలోనే.

మీటర్ల సీలింగ్ అయింది. మెయిన్, చెక్, స్టాండ్‌బై అని మూడు రకాలు. పదిహేను నిమిషాలకు ఒక బ్లాక్ చొప్పున రోజుని 96 ముక్కలు చేసి ప్రతి ముక్కలో ఎంత కరెంటు వెళ్లిందో అవి రాసుకుంటాయి. రేపు ఏ ముక్కలో ఎంత ఇస్తామో ముందే చెప్పాలి, తప్పితే జరిమానా. సూర్యుడి తరఫున మనం హామీ ఇవ్వడం అన్నమాట.

ఆ తర్వాత ఉత్తరాది గ్రిడ్‌ని నడిపించే కంట్రోల్ కేంద్రం, ఢిల్లీలోని ఉత్తర ప్రాంత లోడ్ డెస్పాచ్ సెంటర్‌తో టెలిమెట్రీ. మా ప్లాంటులోని ప్రతి బ్రేకర్ తెరిచుందా మూసుందా, ఎన్ని మెగావాట్లు, ఎంత వోల్టేజి అన్నది ఫైబర్ ద్వారా క్షణక్షణం వాళ్ల స్క్రీన్ మీద కనపడాలి. ఒక్కో పాయింటూ ఫోన్‌లో సరిచూడాలి. "బ్రేకర్ ఓపెన్ చేశాను, కనపడిందా?" "కనపడింది." "క్లోజ్?" "కనపడింది." రోజంతా ఇదే సంభాషణ. ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా "వినపడిందా, కన్ఫర్మ్ చెయ్యి" అనేశాను ఒకసారి.

ఛార్జింగ్ రోజు. గ్రిడ్‌లో ఏ బ్రేకర్ వేయాలన్నా తీయాలన్నా లోడ్ డెస్పాచ్ సెంటర్ కోడ్ నంబరు ఇవ్వాలి. ఇద్దరూ రిజిస్టర్‌లో రాసుకుంటారు, సమయంతో సహా. పొద్దున్నే సిద్ధమై కూర్చుంటే, గ్రిడ్‌లో ఇంకెక్కడో వోల్టేజి ఎక్కువగా ఉంది ఆగమన్నారు. మధ్యాహ్నం దాటింది. కంట్రోల్ రూమ్‌లో ఏసీ ఉంది కానీ పది మంది కూడితే అది చాలదు. చివరికి కోడ్ వచ్చింది. 220 కేవీ లైను, తర్వాత బస్‌బార్ (సబ్‌స్టేషన్‌లో లైన్లన్నీ వచ్చి కలిసే వాహకం), తర్వాత మొదటి పవర్ ట్రాన్స్‌ఫార్మర్. బ్రేకర్ వేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారిగా బరువుగా మూలిగి, మెల్లగా మామూలు హమ్మింగ్‌కి వస్తుంది. ఆ మొదటి మూలుగు మామూలే, ఐరన్ కోర్ అయస్కాంతం అయ్యేటప్పుడు లాగే కరెంటు అది. అది తెలిసినా ప్రతిసారీ చెవులు రిక్కించి వింటాను. ట్రిప్ కాలేదు. లోడ్ లేకుండా మర్నాటిదాకా అలాగే ఉంచి, ఆయిల్‌లో గ్యాస్ ఏమైనా పుట్టిందేమో చూసి, ముందుకు వెళ్లాం.

ఇన్వర్టర్లు ఒక్కొక్కటే మొదలుపెట్టాం. ఐదు మెగావాట్లు, పన్నెండు, ఇరవై. అందరి ముఖాల్లో వెలుగు. నలభై దగ్గర ఢిల్లీనుంచి ఫోన్.

"మీరు జనరేట్ చేస్తున్నారా, తీసుకుంటున్నారా?"

"జనరేట్ చేస్తున్నాం సార్, నలభై."

"మా దగ్గర మీరు నలభై తీసుకుంటున్నట్టు చూపిస్తోంది."

ఎండలో ఏడు లక్షల ప్యానెళ్లు పెట్టుకుని గ్రిడ్‌నుంచి కరెంటు తోడుకుంటున్నట్టు! ఎక్కడో మెగావాట్లు కొలిచి పంపే ట్రాన్స్‌డ్యూసర్‌కి వెళ్లే తీగలు తారుమారయ్యాయి. ఛార్జింగ్ నాడు ఎందుకు తెలియలేదంటే, అప్పుడు ప్రవహించింది దాదాపు సున్నా. సున్నాకి ప్లస్ ఏంటి, మైనస్ ఏంటి. అది టెలిమెట్రీ తీగే కాబట్టి బతికిపోయాం. లోపలికొచ్చే కరెంటుకీ బయటికెళ్లే కరెంటుకీ తేడా వస్తే బ్రేకర్ తెరిచేసే డిఫరెన్షియల్ రిలేకి వెళ్లేదే తిరగబడి ఉంటే లోడ్ ఎక్కగానే మొత్తం ట్రిప్ అయ్యేది. మీటర్లు సరిగ్గానే ఉన్నాయి. కంట్రోల్ ప్యానెల్ వెనక రెండు తీగలు మార్చడానికి పట్టింది పావుగంట. దానికి పర్మిట్ తీసుకుని, మార్చి, మళ్లీ పాయింట్లన్నీ ఫోన్‌లో సరిచూసి, కాగితం మీద ఎక్కించడానికి రోజున్నర పట్టింది. "ఆ తీగ ఎవరు వేశారు?" అని కాంట్రాక్టర్ల మధ్య నడిచిన వాదన ఇంకా నడుస్తూనే ఉందనుకుంటాను.

మిగిలింది ట్రయల్ రన్. 2023లో వచ్చిన కొత్త గ్రిడ్ కోడ్ ప్రకారం సోలార్ ప్లాంటుని కనీసం 50 మెగావాట్ల ముక్కలుగా కమిషన్ చేయొచ్చు. ఆ ముక్క ఒకే రోజులో, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం లోపల, మొత్తం కలిపి నాలుగు గంటలపాటు కరెంటు పంపాలి. మీటర్లు, టెలిమెట్రీ, ప్రొటెక్షన్ అన్నీ పనిచేస్తూ ఉండాలి. నాలుగు గంటలే కదా అంటారా? ముందుగా నోటీసు ఇచ్చిన రోజునే చేయాలి. ఆ రోజు మన ఇష్టప్రకారం నడవదు.

మొదటి ముక్క బాగానే అయింది. రెండోదానికి ఇచ్చిన తేదీన మధ్యాహ్నం పడమట ఒక గోధుమరంగు గోడ లేచింది. అక్కడివాళ్లు ఆంధీ అంటారు. మా గార్డు, స్థానికుడు, మాకంటే ముందే చూసి, తలకు గుడ్డ చుట్టుకుని, "సాబ్, లోపలికి పదండి" అన్నాడు. పావుగంటలో పక్క వరస కనపడలేదు. స్క్రీన్ మీద సౌరవికిరణం చదరపు మీటరుకు 900 వాట్లనుంచి 200 చిల్లరకు జారింది. ఉత్పత్తి దాని వెనకే పడిపోయింది. పోనీ దుమ్ము పోయాక ఎండ వస్తుంది కదా అనుకుంటే, వెనకే నాలుగు చినుకులు పడ్డాయి. మన దగ్గర వాన పడితే ప్యానెళ్లు కడిగినట్టవుతాయి. అక్కడ ఆ నాలుగు చినుకులకు దుమ్మంతా బురదై అతుక్కుంటుంది. రాత్రిళ్లు వరసల మీద బ్రష్షులతో తిరిగే రోబోలు ఎండు దుమ్ముకే పనికొస్తాయి, బురదకు పనికిరావు. గాలి ఎక్కువగా ఉంటే అసలు కదలవు. ట్యాంకర్లు పిలిపించి, మనుషుల్ని పెట్టి, తెల్లవారుజామున కడిగించాం. నీళ్లు ఎండలో పోయకూడదు, వేడెక్కిన గాజు మీద చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు. ఆ నీళ్లు కాలువ వైపునుంచి వచ్చినవి. ఆ ఊళ్లలో ఆడవాళ్లు బిందెలతో ట్యాంకర్ దగ్గర నిలబడటం చూశాను కాబట్టి, అక్కడ ప్యానెల్ కడగడం నాకెప్పుడూ సుఖంగా అనిపించలేదు. రోబోలు ఖరీదైనా సరే, ఎడారిలో నీళ్లు వాడని పద్ధతే పెట్టాలని ఎవరడిగినా చెప్తాను.

తర్వాతి తేదీల్లో ఒక్కో ముక్కా అయింది. ఆఖరి ముక్క జూన్ చివరి వారంలో. నాలుగు గంటలు పూర్తయిన సంగతి కంట్రోల్ రూమ్‌లో ఎవరూ చప్పట్లు కొట్టి చెప్పలేదు. షిఫ్ట్ ఇంజనీర్ మీటర్ డేటా దించుకుని మెయిల్ పెట్టాడు, నేను వెళ్లి పడుకున్నాను. సర్టిఫికెట్ గడువులోపే వచ్చింది. యజమానులు స్వీట్లు పంపారు, మావా మిశ్రీ, ఆ ఎండకు పెట్టెలోనే కరిగి ముద్దయింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ జూలైలో కూడా నేను అక్కడే ఉన్నాను, ఆపరేషన్ టీమ్‌కి అప్పగించడానికి. అప్పుడు చూసింది చెప్పకపోతే సగమే చెప్పినట్టు. కొన్ని మధ్యాహ్నాలు లోడ్ డెస్పాచ్ సెంటర్‌నుంచి తగ్గించమని సందేశం వచ్చేది. రాజస్థాన్‌లో ప్లాంట్లు కట్టినంత వేగంగా పెద్ద లైన్లు రాలేదు. ఒక ప్లాంటు ఏడాదిన్నరలో లేస్తుంది, 765 కేవీ లైనుకి నాలుగైదేళ్లు పడుతుంది. అందరూ ఒకే పన్నెండు గంటల వేళ కరెంటు తెచ్చి గుమ్మంలో పెడితే గ్రిడ్ తీసుకోలేదు. ప్లాంట్ కంట్రోలర్‌లో ఒక అంకె మార్చితే చాలు, ఇన్వర్టర్లు తలొంచుకుని తగ్గిపోతాయి. బయట మండే ఎండ, ప్యానెళ్లు మెరిసేలా శుభ్రంగా ఉన్నాయి, స్క్రీన్ మీద మాత్రం సగం. దీన్ని కాల్పుల శబ్దాల మధ్య, 46 డిగ్రీల్లో గడువు కోసం లాక్కొచ్చాం కదా అని మా కుర్రాళ్లకు ఒళ్లు మండేది. నాకూ మండింది. భడ్లానుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఫతేపూర్‌కి 6,000 మెగావాట్లు మోసే హెచ్‌వీడీసీ (అధిక వోల్టేజి డీసీ) లైను ఒకటి రాబోతోంది. అది వస్తే ఊపిరి ఆడుతుంది. ప్లాంటు కంటే ముందు లైను రావాలి. ఇది కర్నూలులోనూ, అనంతపురంలోనూ ఇప్పుడు కొత్తగా కడుతున్నవాళ్లు చూసుకోవాల్సిన విషయం.

మధ్యలో చేసే ఉపాయం బ్యాటరీలు. పన్నెండు గంటలకు వద్దన్నదాన్ని దాచి సాయంత్రం ఏడింటికి ఇవ్వడం. కొత్త టెండర్లలో చాలావాటికి బ్యాటరీ తప్పనిసరి అయింది. మేం దిగివచ్చే రోజుల్లోనే మా పక్క స్థలంలో తెల్లటి కంటైనర్లు దింపుతున్నారు. ఎడారిలో బ్యాటరీ అంటే మళ్లీ అదే గొడవ, దాన్ని చల్లగా ఉంచడానికే బోలెడు కరెంటు పోతుంది. ఆ కమిషనింగ్‌కి వస్తావా అని అడిగారు. పని కొత్తది, నేర్చుకోవాలని ఉంది. నవంబరులో అయితే వస్తానన్నాను. వాళ్లు మార్చి అంటున్నారు. ఇంకా తేలలేదు.